కందిలో క్లారినెట్ నవ్వింది!

నవ్వు రాని జోకు చెప్పినవాణ్ణి క్షమించొచ్చు. కానీ 200 ఏళ్ళు దాటిన ఓ జోకుకి ప్రపంచమంతా నవ్వుతోందనీ, మనకి మాత్రం నవ్వు రావడం లేదనీ తెలిస్తే ఎలా వుంటుందో ఆలోచించండి! సరిగ్గా ఆ అవమానంతోనే మొన్న మాఘమాసంలో ఓ ఉదయం మియాపూర్‌లో సంగారెడ్డి బస్సెక్కాను.

సంగతేమిటంటే... నా పాత రూమ్మేటు ఒకడు పాశమైలారంలో ఓ ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్‌వైజరు. సొంతూరు కంది. "చెల్లె పెండ్లి అన్నా. నువ్వు రాకుంటె ఊకోను" అని ఫోను చేశాడు. కంది అనగానే మా పిన్ని కొడుకు గుర్తొచ్చాడు. వాడు అక్కడి ఐ.ఐ.టి.లో చదువుతున్నాడు. చదివేది యంత్రాల గురించి, వినేది మాత్రం వయొలిన్లూ బాకాలూ కలిసి మోగే పాశ్చాత్య సంగీతం. "వస్తున్నావుగా అన్నయ్యా, దార్లో ఇది విను. మొజార్ట్ వేసిన జోకు. పడీ పడీ నవ్వుతావు" అని సెల్లుకి ఓ రికార్డు పంపించాడు.

విన్నాను. చందానగర్ దాటింది, నవ్వు రాలేదు. బి.హెచ్.ఇ.ఎల్. దాటింది, నవ్వు రాలేదు. పటాన్‌చెరులో పక్కసీటు ఖాళీ అయింది, ఇంకొకాయన కూర్చున్నాడు, రికార్డు అయిపోయింది. నాకు వినిపించినంతవరకూ అది చక్కగా, బుద్ధిగా సాగిపోయే విదేశీ సంగీతం. మధ్యలో ఎక్కడో కాస్త చెవికి గుచ్చుకుంది. బస్సు బ్రేకు వేశాడేమో అనుకున్నాను!

కంది అంటే పప్పు కాదండోయ్!

మీలో చాలామంది ముంబాయి రోడ్డుమీద ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళే వుంటారు. వెళ్ళినా కందిని చూసి వుండరు. చూడ్డానికి ఊరు రోడ్డుమీదకొచ్చి నిలబడదు కదా! పటాన్‌చెరు దాటాక ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం... ఇటూ అటూ షెడ్లు, పొగగొట్టాలు, లారీలు ఆగే దాబాలు, షిఫ్టు దిగి టీ తాగుతున్న మనుషులు. ఆ టీ బంకు దగ్గర చెవి పెడితే తెలుగు, హిందీ, ఒరియా, భోజ్‌పురి అన్నీ ఒకే సాసర్లో కలుస్తాయి. ఆ తర్వాత, సంగారెడ్డి ఇంకా కొద్ది దూరం వుందనగా కంది వస్తుంది.

ఈ ఊరి పేరు వినగానే వంటింట్లో డబ్బా గుర్తు రావడం సహజమే. తమాషా ఏమిటంటే, దార్లోనే పటాన్‌చెరులో 1972లో పెట్టిన ఇక్రిశాట్ పరిశోధన కేంద్రం వుంది. జొన్న, సజ్జ, శనగ, వేరుశనగలతోపాటు కంది మీద కూడా అక్కడ దశాబ్దాలుగా పరిశోధన జరుగుతోంది. కంది పంట మీద పరిశోధన పటాన్‌చెరులోనూ, ఇంజనీర్ల పంట కందిలోనూ! 2008లో ఎద్దుమైలారం ఆర్డినెన్సు ఫ్యాక్టరీ ఆవరణలో మొదలైన హైదరాబాదు ఐ.ఐ.టి. 2015లో కందిలోని సొంత ఆవరణకి మారింది. జిల్లా జైలు కూడా ఇక్కడే. 1796లో కట్టిన సంగారెడ్డి పాతజైలుని మ్యూజియం చేసి, 2016లో 500 రూపాయలు కట్టినవాళ్ళకి ఒకరోజు ఖైదు రుచి చూపించే పథకం పెట్టారు. అసలు ఖైదీలుండేది కందిలో. పెళ్ళికొడుకు స్నేహితులు పొద్దుటినుంచీ ఈ ఒక్క జోకుమీదే బతుకుతున్నారు: "500 కట్టే పనిలేకుండ కందిలనే పడ్డవ్ రా!"

తాబేలు నడిచింది... ఏనుగు వచ్చింది

ఫంక్షన్ హాలు ముందు ఎదురుకోళ్ళకి ఆడపెళ్ళివారు హారతి పళ్ళెంతో సిద్ధం. బ్యాండుమేళం వరసగా నిలబడింది. ఎర్రకోట్లు, భుజాలమీద బంగారు రంగు కుచ్చులు. క్లారినెట్ ఒకటి, ట్రంపెట్లు రెండు, యుఫోనియం అనే పెద్దబాకా ఒకటి, సైడ్ డ్రమ్ములు, పొట్టమీద కట్టుకున్న పెద్ద డ్రమ్ము. క్లారినెట్ పట్టుకున్నాయన మేళానికి పెద్ద. అరవై దాటి వుంటాయి. కోటు భుజాలు ఆయనకంటే రెండంగుళాలు ముందుకు వున్నాయి.

"రాత్రికి డీజే ఉన్నది అన్నా. ఇది పెద్దోళ్ళ కోసం, పొద్దటికి మాత్రమే" అన్నాడు నా మిత్రుడు, క్షమాపణ చెబుతున్నట్టుగా.

మగపెళ్ళివారు కార్లు దిగారు. దిగారే గానీ కదలరు! ఒకాయన సెల్లు చూసుకుంటాడు. ఒకావిడ చీరకుచ్చెళ్ళు సర్దుకుంటుంది. అప్పటిదాకా ఈ యేడు కుర్రకారంతా గంతులేసిన ఓ హుషారు పాటని అదే జోరులో వాయిస్తున్న మేళం ఒక్కసారిగా నెమ్మదించింది. పాట అదే. కానీ ఒక్కో స్వరానికీ మధ్య ఓ మనిషి కూర్చుని లేవచ్చు! మగపెళ్ళివారు అడుగేస్తే స్వరం. ఆగితే స్వరమూ ఆగింది. హాలు ముందున్న పిల్లలు ముందు పసిగట్టారు, కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత ఆడవాళ్ళు. చివరికి తమ నడకకే బ్యాండు వాయిస్తున్నారని మగపెళ్ళివారికే అర్థమై, నవ్వుకుంటూ గబగబా నడవడం మొదలెట్టారు. క్లారినెట్ కూడా పరుగందుకుంది!

వెనకాల పెళ్ళికొడుకు మేనమామ. భారీ మనిషి. ఆయన మెట్టెక్కుతుంటే పెద్దబాకా తానొక్కటే "బొం... బొం..." అంది. ఆయన ఆగి, వేలు చూపించి బెదిరించి, తనే కడుపు పట్టుకుని నవ్వి, జేబులోంచి వంద నోటు తీసి బాకా నోట్లో పెట్టాడు.

నా పక్కన నిలబడ్డ మా తమ్ముడు ఎగిరి గంతేశాడు. "అన్నయ్యా! ఇది సాంసాన్స్!" అన్నాడు.

ఎవరా సాంసాన్స్? ఫ్రాన్సు దేశపు స్వరకర్త. 1886లో 'జంతువుల కార్నివాల్' అని ఓ సంగీత కదంబం కట్టాడు. అందులో తాబేళ్ళు వస్తాయి. అప్పట్లో పారిస్ అంతా కాళ్ళెగరేసి ఆడుతున్న ఓ హుషారు నృత్యగీతాన్ని, ఓఫెన్‌బాక్ కట్టిన బాణీని, తీసుకుని, నత్తనడకన వాయించమన్నాడు. అదే తాబేలు! తర్వాత ఏనుగు వస్తుంది. వయొలిన్ కుటుంబంలోకెల్లా లావైన డబుల్ బేస్‌కి, బెర్లియోజ్ అనే ఆయన గాలిదేవతల కోసం రాసిన నాజూకు నృత్యాన్నిచ్చి వాయించమన్నాడు. ఆ జంతువుల జాబితాలో సరళీస్వరాలు సాధన చేసే పియానో విద్యార్థుల్ని కూడా చేర్చాడు, పాపం! తీరా ఇదంతా రాశాక ఆయనకి భయం పట్టుకుంది. ఇది అచ్చయితే తన గంభీరమైన పేరు ఏమైపోతుందోనని. ఒక్క 'హంస' భాగం తప్ప మిగతాది తన జీవితకాలంలో అచ్చు కానివ్వలేదు. ఆయన 1921లో పోయాక, 1922లో గానీ అది అచ్చు కాలేదు. ఇవాళ ఆయన పేరు పిల్లలకి కూడా తెలిసింది దానివల్లే!

కంది బ్యాండు మేస్త్రికి ఆ సాంసాన్స్ ఎవరో తెలీదు. సాంసాన్స్‌కి కంది ఎక్కడుందో తెలీదు. కానీ ఇద్దరికీ తెలిసింది ఒకటుంది. వేగంగా పోవాల్సిన పాట నెమ్మదిగా పోతే నవ్వొస్తుంది... ఆ పాట వేగంగా పోవాలని వినేవాడికి ముందే తెలిసి వుంటే!

అదిగో, అక్కడ దొరికింది నాకు నవ్వు రాని జోకు తాళంచెవి.

తప్పు వాయించడమూ విద్యే

మొజార్ట్ ఆ జోకు రాసింది 1787లో. పేరే 'సంగీతపు హాస్యం'. తీగవాద్యాలు, రెండు హార్ను బాకాలు. సంగీతం సరిగ్గా రాని ఓ స్వరకర్త, వాయించడం సరిగ్గా రాని మేళం... ఆ రెంటినీ కలిపి ఎగతాళి చేశాడు. హార్నులు ఠీవిగా లేచి తప్పు స్వరాలు వాయిస్తాయి. వయొలిన్ వాయించే ఆయన తన ప్రతాపం చూపించబోయి, పైకి పాకి పాకి ఎక్కడున్నాడో మర్చిపోతాడు. చివర్లో అందరూ కలిసి ముగించాల్సిన చోట ఒక్కొక్కళ్ళూ ఒక్కో శ్రుతిలో దిగబడతారు! దీన్ని ఆయన తన పట్టికలో రాసుకున్నది జూన్ నెలలో. తండ్రీ, తొలిగురువూ అయిన లియోపోల్డ్ పోయింది అంతకు ముందు మే నెలలోనే. నియమాలన్నీ నేర్పినాయన వెళ్ళిపోగానే ఆ నియమాలన్నీ తప్పిన పాట. ఏమనుకుని రాశాడో గానీ, నాకు మాత్రం అది తల్చుకుంటే నవ్వొక్కటే రాదు.

బస్సులో నాకు నవ్వెందుకు రాలేదో ఇప్పుడర్థమైందిగా? ఆ నియమాలు నాకు తెలీవు. వియన్నాలో హార్ను ఏ స్వరం పలకాలో తెలిసినవాడికే అది పలకనప్పుడు నవ్వొస్తుంది. మనకి మన సినిమా పాట తెలుసు. కందిలో ఆ టీ బంకు దగ్గరున్న నాలుగు భాషలవాళ్ళకీ కలిపి తెలిసింది అదొక్కటే!

సినిమా అభిమానులకి ఇది కొత్తేమీ కాదు లెండి. 1953లో వచ్చిన 'పక్కింటి అమ్మాయి' గుర్తు చేసుకోండి. పాట రాని రేలంగి కిటికీలో నిలబడి పెదాలు ఆడిస్తాడు, వెనకాల దాక్కుని పాడేది ఎ.ఎం. రాజా. ప్లేబాక్ పద్ధతి మీదే సినిమావాళ్ళు వేసుకున్న జోకు అది! హిందీలో 1968 నాటి 'పడోసన్'లో సంగీతం మాస్టారు మెహమూద్‌కి గొంతు మన్నాడే, పోటీకి కిశోర్‌కుమార్. శాస్త్రీయ సంగీతం క్షుణ్ణంగా వచ్చిన మన్నాడే, తడబడి ఓడిపోయే మాస్టారిగా పాడాలి. ఓడిపోవడానికి కూడా ఎంత విద్య కావాలో చూడండి! 1981లో మళ్ళీ తెలుగులో 'పక్కింటి అమ్మాయి' తీసినప్పుడు సంగీత దర్శకుడు చక్రవర్తి స్వయంగా సంగీతం మాస్టారి వేషం కట్టి తన వృత్తినే ఆటపట్టించుకున్నాడు. వెనకనుంచి పాడే స్నేహితుడు మన బాలసుబ్రహ్మణ్యం.

అంతకుముందే 1957 'మాయాబజార్'లో సావిత్రి మాయా శశిరేఖై పెళ్ళి ఊసు పాడుతూంటే సుశీల గొంతు తీయగా సాగిపోతుంది. హఠాత్తుగా అందులోంచి ఘంటసాల గొంతు ఊడిపడుతుంది! లోపలున్నది ఘటోత్కచుడని అలా బయటపడుతుంది. ఒక్క డైలాగూ లేదు. శ్రుతీ తప్పలేదు, తాళమూ తప్పలేదు. తప్పింది గొంతొక్కటే. హాలు హాలంతా ఘొల్లుమనేది.

పళ్ళున్నయా సారూ?

లోపల ముహూర్తం. గట్టిమేళం అయ్యాక బ్యాండువాళ్ళు హాలు వెనక వేపచెట్టు కింద చేరారు. మేమిద్దరం టీలు పట్టుకుని వెళ్ళాం. పెద్దాయన క్లారినెట్‌ని మూడు ముక్కలుగా విడదీసి గుడ్డతో తుడుస్తున్నాడు.

"ఆ తాబేలు నడక ఎవరు నేర్పారు మాస్టారూ?" అన్నాను.

"నేర్పుడేంది సారూ. పెండ్లికొడుకు తరపోళ్ళు నేర్పిన్రు. ముప్పై ఏండ్లసంది గట్లనే నడుస్తున్రు" అన్నాడు.

నవ్వాం. ఆ నవ్వులో నేనో మాట చెప్పేశాను. ఎందుకు చెప్పానో నాకే తెలీదు. చాలా ఏళ్ళ కిందట మా అక్క పెళ్ళిలో బ్యాండు పెట్టారు. అందులో క్లారినెట్ ఆయన పైస్థాయికి వెళ్ళినప్పుడల్లా స్వరం చీలిపోయి "కీచ్" మనేది. మేం పదిమంది కుర్రాళ్ళం. ఆ రాత్రంతా నోటితో "కీచ్... కీచ్..." అంటూ ఆయన చుట్టూ తిరిగాం. కడుపుబ్బ నవ్వుకున్నాం. తెల్లారి లెక్కల దగ్గర మావాళ్ళలో ఒక పెద్దమనిషి, "అంత అపస్వరాలు వాయించినవాడికి పూర్తి డబ్బులేమిటి?" అని కోసేశాడు. మా నవ్వులే ఆయనకి సాక్ష్యం! ఆ క్లారినెట్ ఆయన ఏమీ అనలేదు. పెట్టె భుజానికేసుకుని వెళ్ళిపోయాడు.

పెద్దాయన తుడవడం ఆపాడు.

"ఆ మనిషికి ముందుపండ్లున్నయా సారూ?"

నేను చూడలేదు. చూడాలని తోచలేదు.

ఆయన తన పై వరస పళ్ళు వేలితో కదిపి చూపించాడు. కట్టుడు పళ్ళు. "క్లారినెట్‌కు పట్టు ఈడ ఉంటది. పై పండ్లు గట్టిగ లేకుంటె పై స్వరం చీరుకపోతది. ఇగ విను" అని ముక్కలు బిగించి, ఇందాకటి పాటే అందుకున్నాడు. పల్లవి చివర్లో పైకి ఎక్కి, సరిగ్గా అందుకోవాల్సిన చోట స్వరం చీల్చేశాడు, కోడిపుంజులాగా. మేం నవ్వాపుకోలేకపోయాం. మళ్ళీ అదే చోట, ఈసారి తీయగా, నూలుపోగులా పట్టి నిలబెట్టాడు. మళ్ళీ చీల్చాడు. మళ్ళీ నిలబెట్టాడు.

"తప్పు రెండు తీర్లుంటది సారూ. మనం చేసే తప్పొకటి, మనతోని అయ్యే తప్పొకటి. చేసే తప్పు నేర్సుకోనీకి నాకు పదేండ్లు పట్టింది. అయ్యే తప్పుకు నేర్సుకునుడు లేదు. దానంతటదే వస్తది. గిప్పుడు మీరు నవ్విన్రు, నాకు కుషీ. గప్పుడు మీరు నవ్విన్రు సూడు..." అని ఆగి, టీ గ్లాసు అందుకున్నాడు. ఆ వాక్యం ఆయన పూర్తి చెయ్యలేదు. పూర్తి చేస్తే బాగుండేదనిపించింది.

ఆ నిశ్శబ్దం భరించలేక మా తమ్ముడు ఓ కథ ఎత్తుకున్నాడు. వాడికీ సమయస్ఫూర్తి వుందండోయ్!

ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు

1772లో హైడన్ అనే స్వరకర్త ఎస్టర్‌హాజీ అనే ప్రభువు కొలువులో వుండేవాడు. ప్రభువు వేసవి విడిది మేడలో నెలల తరబడి మకాం వేశాడు. వాద్యగాళ్ళ పెళ్ళాం బిడ్డలు ఎక్కడో దూరాన. ఇంటికి పంపమని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. అప్పుడు హైడన్ ఓ సింఫనీ కట్టాడు. దాని ఆఖరి భాగంలో, వాయిస్తూ వాయిస్తూ ఒక్కో వాద్యగాడూ తన వంతు ముగించి, తన ముందున్న కొవ్వొత్తి ఆర్పి లేచి వెళ్ళిపోతాడు. చివరికి మిగిలింది రెండే వయొలిన్లు. అవి కూడా సన్నగా, గుసగుసలాడుతున్నట్టు. ప్రభువుకి అర్థమైంది. మర్నాడే మకాం ఎత్తేశాడని చెప్పుకుంటారు. ఆ సింఫనీకి 'వీడ్కోలు' అనే పేరు స్థిరపడిపోయింది.

కథ అయ్యేసరికి బ్యాండువాళ్ళందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని పకపకా నవ్వడం మొదలెట్టారు.

"గిదేం పెద్ద కథనా బిడ్డా! మేం చేసేదే గది" అన్నాడు పెద్ద డ్రమ్ము కుర్రాడు.

"పైసలు ఇయ్యకుంటె ముందుగాల పెద్ద డ్రమ్ము ఆగుతది" అన్నాడు బాకా ఆయన. "తర్వాత నా బాకా. అయినా తెలవకుంటె ట్రంపెట్లు. లాస్టుకు పెద్దాయన ఒక్కడే ఊదుతడు. గప్పుడు ఎవడో ఒకడు ఉరికొస్తడు."

"ఆ హైడన్ సాబుకు చెప్పుండ్రి, కందిల కూడ ఆయన పార్టీవోళ్ళు ఉన్నరని" అన్నాడు పెద్దాయన.

ఘటోత్కచుడి నవ్వు

ముహూర్తం అయింది. తలంబ్రాలు అయ్యాయి. భోజనాలు మొదలయ్యాయి. బగారన్నం, మటన్ కూర, వద్దన్నవాళ్ళకి కందిపప్పు... కందిలో కందిపప్పు తిన్నానని చెప్పుకోవచ్చు! ఒక బంతి లేచింది, రెండో బంతి లేచింది, మూడోది కూర్చుంది. ఊరూ, ఫ్యాక్టరీ, చుట్టాలు, ఎక్కడెక్కడివాళ్ళో వస్తూనే వున్నారు. మూడు గంటలు దాటింది. హాలు మూలన మేళం వాయిస్తూనే వుంది. వాళ్ళని భోజనానికి లెమ్మన్నవాళ్ళు లేరు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకూ తోచలేదు. నేను అప్పటికే చెయ్యి కడుక్కుని కిళ్ళీ నములుతున్నాను!

అప్పుడు క్లారినెట్ ఓ పాట ఎత్తుకుంది. మొదటి స్వరానికే బంతిలో తలలు ఇటు తిరిగాయి. 'వివాహ భోజనంబు'! ఎస్.వి. రంగారావు లడ్లు ఎగరేసి నోట్లో పడేసుకున్న ఆ పాట, మాధవపెద్ది సత్యం గొంతులో లోకమంతా నవ్విన ఆ పాట. నవ్వు వచ్చేచోట క్లారినెట్ నిజంగా నవ్వింది. "హహ్హహ్హ" అని మనిషి నవ్వినట్టే! పిల్లలు వంత పాడారు. గిన్నెలు మోసే కుర్రాళ్ళు అడుగులు కలిపారు.

రెండోసారి పల్లవికి వచ్చేసరికి పెద్ద డ్రమ్ము లేదు. మూడోసారికి బాకా లేదు. మా తమ్ముడు నా చెయ్యి నొక్కాడు. ఒక ట్రంపెట్ పోయింది. రెండోది పోయింది. సైడ్ డ్రమ్ములు కర్రలు చంకలో పెట్టుకున్నాయి. చివరికి, అంత పెద్ద హాల్లో, ఒక్క క్లారినెట్. భోజనం పాట. సన్నగా, గుసగుసలాడుతున్నట్టు. నవ్వు వచ్చే చోట ఈసారి నవ్వు మూడింట ఒకవంతే వచ్చి ఆగిపోయింది.

పెళ్ళికూతురి తండ్రి చేతిలో గరిటె వుంది. అది అలాగే పట్టుకుని బంతి మధ్యలోంచి పరుగెత్తుకొచ్చాడు. "అయ్యో... అయ్యో... మీరింక తినలేదా! జర మాఫ్ చెయ్యుండ్రి పెద్దాయనా" అని ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, పెళ్ళికొడుకు మేనమామ పక్కన కూర్చోబెట్టాడు. ఆ మేనమామ లేచి, బాకా ఆయనకి తన చేత్తో వడ్డించాడు. వడ్డిస్తూ "బొం... బొం..." అన్నాడు. బంతి బంతంతా నవ్వింది. ఆ నవ్వులో బ్యాండువాళ్ళు కూడా వున్నారు. తేడా అక్కడే వుంది!

నవ్వు అమ్ముకున్న మనిషి

రాత్రి డీజే లారీ వచ్చేలోగా నేను బయల్దేరాను. బస్టాపుదాకా వచ్చిన మా తమ్ముడు ఇంకో సంగతి చెప్పాడు. భోజనం పాటలో ఆ నవ్వు ఎంత దూరం నుంచి వచ్చిందో చూడండి. 'మాయాబజార్' కంటే ముందే 'జానకీ శపథం' అనే హరికథ గ్రామఫోను రికార్డులో ఆ వరస వుంది. బాణీ గాలి పెంచలది, పాడింది బి. నాగరాజకుమారి. దానికి మూలం 1922లో ఛార్లెస్ పెన్‌రోజ్ అనే ఇంగ్లీషాయన ఇచ్చిన నవ్వే పోలీసు పాట అంటారు. చూశారా, సాంసాన్స్ తాబేళ్ళు అచ్చయిందీ ఆ యేడే! ఆ పోలీసు పాటకి మూలం 1890లలో అమెరికాలో జార్జ్ జాన్సన్ పాడిన నవ్వుల పాట.

ఈ జాన్సన్ బానిసగా పుట్టిన నల్లజాతీయుడు. ఆ రోజుల్లో ఒక పాటని ఒకసారి పాడి వేల ప్రతులు తీసే వీలు లేదు. ఒకసారి పాడితే కొన్ని సిలిండర్లే. అంచేత ఆయన అదే పాట, అదే నవ్వు, మళ్ళీ మళ్ళీ, వేలసార్లు పాడాడు. నవ్వొచ్చినా రాకపోయినా నవ్వాలి. అది ఆయన కూలి. ఆ కూలినవ్వే లండన్ మీదుగా మద్రాసొచ్చి, ఘటోత్కచుడి నోట్లో దూరి, చివరికి కందిలో ఓ క్లారినెట్‌లో చేరి, ఎనిమిదిమందికి అన్నం పెట్టించింది!

బస్సులో మళ్ళీ మొజార్ట్‌ని పెట్టుకున్నాను. హార్నులు లేచాయి. ఠీవిగా వచ్చాయి. ఒక్కసారి "కీచ్" మన్నాయి. ఈసారి గట్టిగా నవ్వేశాను. పక్కసీటు పెద్దమనిషి ఉలిక్కిపడి సంచీ దగ్గరకి లాక్కున్నాడు.

ఆ నవ్వు ఇస్నాపూర్ దాకా కూడా నిలవలేదు. అక్కకి ఫోను చేశాను. "నీ పెళ్ళికి వాయించిన బ్యాండువాళ్ళది ఏ ఊరే?" అని అడిగాను.

అక్క కాసేపు ఆలోచించింది. "మీరు నవ్విన నవ్వులు గుర్తున్నాయిరా. ఆయన ఊరు ఎవరికి గుర్తుంటుంది?" అంది.

అంచేత మిత్రులారా, ఈసారి పెళ్ళికెళ్ళినప్పుడు క్లారినెట్ "కీచ్" మంటే, నవ్వండి, తప్పులేదు. కానీ ముందు వెళ్ళి ఒక్కమాట అడగండి... "భోజనం చేశారా?" అని.